ఒక్క మ్యాచ్ ఆడినాయన: కజిమియెజ్ గుర్స్కి గురించి ఒక ప్రసంగం

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఒక స్కోరుతో మొదలుపెడతాను. 1948 జూన్ 26, కోపెన్‌హాగన్. డెన్మార్క్ 8, పోలండ్ 0. పోలండ్ జాతీయ జట్టుకి ఇంతకంటే పెద్ద ఓటమి ఈరోజుకీ లేదు. ఆ జట్టులో 27 ఏళ్ల ఫార్వర్డ్ ఒకడున్నాడు, కజిమియెజ్ గుర్స్కి అని. దేశం తరఫున అతనికి అదే మొదటి మ్యాచ్, అదే ఆఖరిది. మళ్లీ పిలుపు రాలేదు.

ఇప్పుడు ఇంకో తేదీ చెప్తాను. 1974 జూన్ 26, స్టుట్‌గార్ట్. సరిగ్గా 26 ఏళ్లు, రోజు కూడా తేడా లేదు. ప్రపంచ కప్ రెండో రౌండ్‌లో పోలండ్ 1-0తో స్వీడన్‌ని ఓడించింది. బెంచి మీద కోచ్‌గా కూర్చున్నది ఆ గుర్స్కియే. ఈ రెండు జూన్ 26ల మధ్య ఆ మనిషికి ఏం జరిగిందో చెప్పాలనే ఈ సాయంత్రం మిమ్మల్ని కూర్చోబెట్టాను.

పేరు దగ్గర ఒక మాట. ఇంగ్లీషు అక్షరాలు చూసి గోర్స్కి అనేస్తాం, కానీ పోలిష్‌లో ఆ ‘ఓ’ మీద చిన్న గీత ఉంటే అది ‘ఉ’ అవుతుంది. కాబట్టి గుర్స్కి. ఊరి పేరూ అంతే, ల్వూఫ్. ఆయన 1921 మార్చి 2న అక్కడ పుట్టాడు. అప్పట్లో అది పోలండ్ నగరం, ఇప్పుడు యుక్రెయిన్‌లో ల్వీవ్ అంటున్నాం. పోలండ్‌లో ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు అనదగ్గ ఊరు అది. అక్కడి పొగోన్ క్లబ్ 1904లో మొదలై, 1920లలో నాలుగు సార్లు దేశ చాంపియన్ అయింది. గుర్స్కి కుర్రాడిగా అక్కడే ఒక చిన్న కార్మికుల క్లబ్‌లో ఆడేవాడు. సన్నగా, చురుగ్గా ఉండేవాడు, ‘సారెంకా’ అని ముద్దుపేరు, అంటే చిన్న జింక.

1939 సెప్టెంబర్‌లో యుద్ధం వచ్చింది. ల్వూఫ్ ముందు సోవియట్ చేతిలోకి, 1941లో జర్మన్ల చేతిలోకి, 1944లో మళ్లీ సోవియట్ చేతిలోకి పోయింది. పాత క్లబ్బులు రద్దయిపోయాయి, కొత్త పేర్లతో కొత్తవి వచ్చాయి, అతను స్పార్టక్ అనీ డైనమో అనీ సోవియట్ పేర్లున్న క్లబ్బుల్లో ఆడాడు. యుద్ధం అయ్యాక సరిహద్దులు మార్చి గీశారు, పోలండ్ మొత్తం పడమటికి జరిగింది, ల్వూఫ్ అవతల ఉండిపోయింది. ఒక ఆటగాడికి 18 నుంచి 24 ఏళ్ల వయసంటే పంట చేతికొచ్చే కాలం, ఆ కాలమంతా ఇతనికి యుద్ధంలోనే గడిచింది. మీరు ఎవరైనా సరే, “ఒక్క మ్యాచ్ ఆడినవాడు, ఏమంత గొప్ప ఆటగాడు” అనబోయే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. 1945లో వార్సా చేరాడు, సైన్యం వారి క్లబ్ లెగియాలో 1953 దాకా ఆడాడు. ఆ మధ్యలోదే కోపెన్‌హాగన్.

ఆ తర్వాత కోచింగ్. లెగియా, లుబ్లిన్ ఊరి జట్టు, గ్వార్దియా, వూచ్ నగరంలోని ఎల్‌కేఎస్, ఇలా చాలా చోట్ల పనిచేశాడు, అన్నీ చెప్పను. గ్వార్దియా గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అక్కడి పద్ధతి అర్థమైతేనే మిగతా కథ అర్థమవుతుంది. గ్వార్దియా పోలీసుల క్లబ్. లెగియా సైన్యానిది. గుర్నిక్ జాబ్జె బొగ్గు గనులది. స్తాల్ మియెలెత్స్ విమానాల ఫ్యాక్టరీ జట్టు. ఆటగాడు కాగితం మీద ఉద్యోగి, జీతం అక్కడినుంచి, పని ఫుట్‌బాల్. మన హైదరాబాద్ వాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అంటే ఏమిటో ఇక్కడి పెద్దవాళ్లకి తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు అలాంటి పోలీసు జట్టుని తీర్చిదిద్దుతూనే భారత జట్టుని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణానికి తీసుకెళ్లారు.

ఈ పద్ధతి వల్ల పోలండ్‌కి రెండు జరిగాయి. ఒకటి, అప్పట్లో ఒలింపిక్స్‌లో అమెచ్యూర్లే, అంటే ఆటకి జీతం తీసుకోనివాళ్లే ఆడాలి. వాళ్ల ఆటగాళ్లు లెక్క ప్రకారం అమెచ్యూర్లు కాబట్టి ఒలింపిక్స్‌కి అసలు జట్టునే పంపగలిగేవాళ్లు. పడమటి దేశాలు ప్రొఫెషనల్స్‌ని పంపలేకపోయేవి. రెండోది, ఆటగాళ్లు దేశం దాటి వెళ్లడానికి అనుమతి ఉండేది కాదు, సాధారణంగా 30 దాటితే తప్ప. అందుకని మంచి వయసులో ఉన్న ఆటగాళ్లందరూ ఇంట్లోనే ఉన్నారు, ఒక కోచ్ వాళ్లని ఏళ్ల తరబడి చూడొచ్చు, కలిపి ఆడించొచ్చు. ఆ ఆటగాళ్లకి అది అన్యాయమే. జట్టు మిడ్‌ఫీల్డర్ కజిమియెజ్ దేయ్నా లాంటివాడు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ సిటీ క్లబ్‌కి వెళ్లేసరికి 1978, 31 ఏళ్లు వచ్చేశాయి. కానీ గుర్స్కి జట్టు అంత కుదురుగా ఉండటానికి ఈ అన్యాయమూ ఒక కారణమే, దాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

1960ల చివర్లో ఆయన యువ జట్ల కోచ్. 1970 చివర్లో పెద్ద జట్టు చేతికొచ్చింది, ఆయనకి అప్పటికి 49. పోలండ్ అప్పటికి ఒకే ఒక్క ప్రపంచ కప్ ఆడింది, 1938లో, అది కూడా బ్రెజిల్ చేతిలో 6-5తో ఓడి ఒక్క మ్యాచ్‌తోనే ఇంటికొచ్చేసింది.

నాకు ఆయనలో బాగా నచ్చేది సహాయకుల్ని ఎంచుకున్న తీరు. యాత్సెక్ గ్మొఖ్ అని ఒకతను, లెగియాలో డిఫెండర్‌గా ఆడాడు, పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ చదివాడు. ప్రత్యర్థి జట్టు గురించి సమాచారం సేకరించి లెక్కలతో కూర్చునేవాడు, ఎవరు ఏ కాలితో కొడతాడు, కార్నర్ ఎటు వేస్తారు, ఇదంతా. ఇప్పుడైతే ప్రతి క్లబ్‌లో లాప్‌టాప్ పట్టుకుని పదిమంది ఉంటారు, 1972లో ఇది కొత్త. రెండో సహాయకుడు అన్జెయ్ స్త్రెయ్‌లావ్, ఇద్దరూ కుర్రవాళ్లు, మాటకారులు. గుర్స్కి వాళ్లని మాట్లాడనిచ్చేవాడు, ఆఖరి మాట తనది. వాళ్ల వెలుగులో తను చిన్నబోతానన్న భయం ఆ మనిషికి ఉన్నట్టు కనపడదు.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్. సోవియట్ యూనియన్‌తో మ్యాచ్, 1-0తో వెనకబడ్డారు. మ్యాచ్ చివరికొస్తుండగా దేయ్నా పెనాల్టీతో సమం చేశాడు, ఆ తర్వాత సబ్‌స్టిట్యూట్‌గా దిగిన షొల్తిసిక్ గోల్ కొట్టాడు, 2-1. సోవియట్ నీడలో బతుకుతున్న దేశంలో ఆ గోల్‌కి రేడియో దగ్గర కూర్చున్నవాళ్లు ఎలా ఊగిపోయి ఉంటారో మీరే ఊహించండి. సెప్టెంబర్ 10న ఫైనల్, హంగరీ మీద మళ్లీ వెనకబడి 2-1తో గెలిచారు, రెండు గోల్సూ దేయ్నావే. టోర్నీలో 9 గోల్స్ అతనివి. స్వర్ణం వచ్చింది. పోలండ్‌కి ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ అదొక్కటే ఒలింపిక్ స్వర్ణం.

దేయ్నా మాటలు తక్కువ, పరుగూ తక్కువే. జట్టు మొత్తాన్ని అతని చుట్టూ కట్టాడు గుర్స్కి. రెక్కల మీద, అంటే మైదానం రెండు అంచుల్లో, లాతో, గదోహా ఇద్దరూ గుర్రాల్లా పరిగెత్తేవాళ్లు, మధ్యలో ఇతను నిలబడి బంతిని ఎక్కడ వెయ్యాలో అక్కడ వేసేవాడు. పరిగెత్తనివాడిని పరిగెత్తించడానికి ప్రయత్నించకపోవడం కూడా కోచింగేనని నేననుకుంటాను.

సరే, 1973. ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ గ్రూపులో మూడే జట్లు, పోలండ్, ఇంగ్లండ్, వేల్స్. ఒకరికే చోటు. మార్చిలో కార్డిఫ్ వెళ్లి వేల్స్ చేతిలో 2-0తో ఓడారు, మొదటి అడుగే తప్పటడుగు. జూన్ 6న హోజూఫ్ నగరంలోని సిలీసియా స్టేడియానికి ఇంగ్లండ్ వచ్చింది. గదోహా ఫ్రీ కిక్ నుంచి మొదటి గోల్. రెండో సగం మొదలైన కాసేపటికే బాబీ మూర్ కాళ్ల దగ్గర్నుంచి లుబాన్‌స్కి బంతి లాక్కుని ఒంటరిగా వెళ్లి కొట్టాడు, 2-0. మూర్ అంటే 1966 ప్రపంచ కప్ ఎత్తిన కెప్టెన్, అలాంటివాడి దగ్గర!

ఆ గోల్ అయిన కొన్ని నిమిషాలకే లుబాన్‌స్కి మోకాలు పోయింది. అతను పోలండ్‌కి అప్పటి ప్రాణం, మొత్తం 48 గోల్స్ కొట్టాడు, ఆ రికార్డు 2017లో లెవాన్‌డోస్కి దాటేదాకా నిలిచింది. ఇంగ్లండ్‌ని గెలిచిన రోజునే కోచ్ తన ఉత్తమ ఫార్వర్డ్‌ని పోగొట్టుకున్నాడు, ప్రపంచ కప్‌కి కూడా అతను లేడు.

సెప్టెంబర్ 26న పోలండ్ 3-0తో వేల్స్‌ని గెలిచింది. అదే రోజు లండన్‌లో ఇంగ్లండ్ 7-0తో ఆస్ట్రియాని చితక్కొట్టింది. మూడు వారాల్లో, అక్టోబర్ 17న, వెంబ్లీ. పోలండ్‌కి డ్రా చాలు, ఇంగ్లండ్ గెలిచి తీరాలి.

ఇక్కడ గోల్‌కీపర్ గురించి చెప్పాలి, నా మటుకు నాకు గుర్స్కి కథంతా ఈ గోల్‌కీపర్‌లోనే ఉంది. యాన్ తొమషెవ్‌స్కి. 1971 అక్టోబర్‌లో పశ్చిమ జర్మనీ మీద వార్సాలో మొదటి మ్యాచ్ ఆడాడు, పోలండ్ 3-1తో ఓడింది, తప్పులన్నీ అతని నెత్తిన పడ్డాయి, జట్టులోంచి పోయాడు. మొదటి మ్యాచ్‌లోనే అవమానమై, ఇక పిలుపు రాక ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ దేశంలో గుర్స్కి కంటే బాగా తెలిసినవాడెవరు? 1948లో ఆయన్ని ఎవరూ మళ్లీ పిలవలేదు. ఈయన మాత్రం తొమషెవ్‌స్కిని 1973లో మళ్లీ పిలిచాడు. కోపెన్‌హాగన్ గుర్తొచ్చే పిలిచాడని ఎక్కడా రాసి లేదు, అది నా మనసుకి తోచిన మాట, కానీ గట్టిగా తోచిన మాట.

వెంబ్లీ రాత్రి. టీవీలో బ్రయాన్ క్లఫ్, ఇంగ్లండ్‌లో పేరున్న క్లబ్ కోచ్, తొమషెవ్‌స్కిని జోకర్ అన్నాడు. అతను చూడ్డానికి అలానే ఉండేవాడు, పొడుగ్గా, పసుపు రంగు జెర్సీ వేసుకుని చేతులూ కాళ్లూ ఎటుపడితే అటు వేస్తూ. మ్యాచ్ మొదట్లోనే బంతిని కింద వదిలితే ఇంగ్లండ్ ఫార్వర్డ్ అలన్ క్లార్క్ దూసుకొచ్చి చేతికి దెబ్బ తగిలించాడు, ఆ దెబ్బతోనే మొత్తం ఆడాడు. ఇంగ్లండ్ ఒకటే దాడి. కాలితో ఆపాడు, మోకాలితో ఆపాడు, గాల్లోకి ఎగిరి ఒంటి చేత్తో ఆపాడు. గీత మీద డిఫెండర్లు ఆపారు, గోల్ పోస్టు ఆపింది.

57వ నిమిషంలో మధ్య గీత దగ్గర అంచున ఇంగ్లండ్ ఆటగాడు నార్మన్ హంటర్ బంతిని పోగొట్టుకున్నాడు. లాతో అందుకుని పరిగెత్తాడు, లోపలికి దొమార్‌స్కికి ఇచ్చాడు, దొమార్‌స్కి నేలబారుగా కొట్టాడు, బంతి ఇంగ్లండ్ గోల్‌కీపర్ షిల్టన్ ఒంటి కిందనుంచి పోయింది. లుబాన్‌స్కి లేని చోట ఆడుతున్నది ఈ దొమార్‌స్కియే. కాసేపటికి క్లార్క్ పెనాల్టీతో 1-1 చేశాడు, ఆ తర్వాత దాదాపు అరగంట మళ్లీ అదే తుఫాను. ఆఖరి నిమిషాల్లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కెవిన్ హెక్టర్ తలతో కొడితే గీత మీదనుంచి తీసేశారు. అయిపోయింది. ఇంగ్లండ్ ఇంటి దగ్గర ఉండిపోయింది, మరుసటి ఏడాది వాళ్ల కోచ్ ఆల్ఫ్ రామ్సే ఉద్యోగం పోయింది, పోలండ్ 36 ఏళ్ల తర్వాత ప్రపంచ కప్‌కి వెళ్లింది.

అదృష్టం అని ఇంగ్లండ్ వాళ్లు అన్నారు. ఆ ఒక్క రాత్రి వరకూ అయితే ఒప్పుకుంటాను. కానీ మరుసటి వేసవిలో జరిగింది చూడండి. అర్జెంటీనా మీద 3-2. హైతీ మీద 7-0. ఇటలీతో మ్యాచ్ నాటికి పోలండ్ అప్పటికే తర్వాతి రౌండ్‌కి వెళ్లిపోయింది, ఇటలీకి డ్రా సరిపోయేది. అలాంటప్పుడు చాలామంది కోచ్‌లు ముఖ్యమైనవాళ్లకి విశ్రాంతి ఇస్తారు. గుర్స్కి అసలు జట్టునే దింపాడు. షర్మాఖ్ ఒకటి, దేయ్నా ఒకటి, 2-1, నాలుగేళ్ల క్రితం ఫైనల్ ఆడిన ఇటలీ ఇంటికెళ్లిపోయింది. ఈ షర్మాఖ్ కూడా లుబాన్‌స్కి ఖాళీ చేసిన చోటులోంచే వచ్చాడు, 5 గోల్స్ కొట్టాడు.

తర్వాతదే నేను మొదట్లో చెప్పిన జూన్ 26. ఆ మ్యాచ్‌కి ముందు ఎడమ డిఫెండర్ ముసియావ్ హోటల్‌కి ఆలస్యంగా వచ్చాడు. గుర్స్కి గొంతు పెంచే మనిషి కాదు, అందరూ ఆయన్ని నాన్నలా చూసేవాళ్లు, కానీ ఆ మ్యాచ్‌కి ముసియావ్‌ని పక్కన కూర్చోబెట్టి వేరే అతన్ని ఆడించాడు. ప్రపంచ కప్ మధ్యలో, గెలుస్తున్న జట్టుని మార్చి మరీ. ఆ రోజు తొమషెవ్‌స్కి ఒక పెనాల్టీ ఆపాడు, లాతో గోల్ కొట్టాడు, 1-0. తర్వాతి మ్యాచ్‌కి ముసియావ్ మళ్లీ జట్టులో ఉన్నాడు. శిక్ష ఒక్క మ్యాచే, పగ పెట్టుకోలేదు.

యుగోస్లావియా మీద 2-1. ఇక జూలై 3, ఫ్రాంక్‌ఫర్ట్, పశ్చిమ జర్మనీ. గెలిచినవాళ్లు ఫైనల్‌కి. గోల్స్ తేడా వల్ల జర్మనీకి డ్రా చాలు, పోలండ్ గెలవాలి. ఆట మొదలవ్వాల్సిన వేళకి కుండపోత వాన, మైదానం చెరువైపోయింది. ఫైర్ ఇంజిన్ వాళ్లు పంపులు పెట్టి నీళ్లు తోడారు, రోలర్లు దొర్లించారు, ఆలస్యంగా మొదలుపెట్టారు. పొలంలో దమ్ము చేసినట్టుంది ఆ నేల. పోలండ్ బలమంతా లాతో, గదోహాల పరుగు, బంతి నేల మీద జారుతూ రావాలి వాళ్లకి. నీటిగుంటలో బంతి ఆగిపోతుంటే ఏం పరుగు? షర్మాఖ్ కూడా దెబ్బ తగిలి ఆడలేదు. అయినా మొదటి సగంలో మంచి అవకాశాలు వాళ్లవే, జర్మన్ గోల్‌కీపర్ సెప్ మాయర్ వెంట వెంటనే ఆపేశాడు. రెండో సగంలో హోనెస్ పెనాల్టీని తొమషెవ్‌స్కి ఆపాడు, ఒకే ప్రపంచ కప్‌లో రెండో పెనాల్టీ. 76వ నిమిషంలో గెర్ద్ ముల్లర్‌కి ఒక్కసారి చోటు దొరికింది. అతనికి ఒక్కసారి చాలు. 0-1.

పొడి నేల మీదైతే గెలిచేవాళ్లా అని పోలండ్‌లో ఈరోజుకీ వాదించుకుంటారు. నేను ఎన్నిసార్లు చూసినా గెలిచేవాళ్లనే అనిపిస్తుంది, దీని మీద మీరు నాతో ఎంతసేపైనా పోట్లాడొచ్చు. మూడు రోజులకి మూడో స్థానం కోసం బ్రెజిల్‌తో ఆడారు, అప్పటికి ప్రపంచ చాంపియన్లు వాళ్లే. లాతో గోల్, 1-0. మొత్తం 7 గోల్స్‌తో టోర్నీలో అందరికంటే ఎక్కువ కొట్టింది లాతోయే. ఏడు మ్యాచ్‌ల్లో ఆరు గెలిచిన జట్టు మూడో స్థానంతో ఇంటికెళ్లింది.

మిగతాది త్వరగా చెప్తాను. 1975 సెప్టెంబర్‌లో హోజూఫ్‌లో నెదర్లాండ్స్‌ని 4-1తో ఓడించారు, వాళ్ల గొప్ప ఆటగాడు క్రైఫ్ ఆడిన జట్టుని, ఆటపరంగా వీళ్ల ఉత్తమ మ్యాచ్ అదేనని చాలామంది అంటారు. కానీ నెల దాటగానే ఆమ్‌స్టర్‌డామ్‌లో 3-0తో ఓడిపోయారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో తూర్పు జర్మనీ చేతిలో 3-1. రజతం వచ్చింది, ఇంటి దగ్గర దాన్ని ఓటమిగానే చూశారు, గుర్స్కి తప్పుకున్నాడు. ఆరేళ్ల క్రితం ఫుట్‌బాల్‌లో ఒక్క పతకం ఎరగని దేశం, రజతం చూసి మొహం చాటేసింది! ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఆయన గ్రీసు వెళ్లాడు. 1977లో పనథినైకోస్‌కి లీగ్, కప్ రెండూ తెచ్చిపెట్టాడు, 1981లో వాళ్ల బద్ధ ప్రత్యర్థి ఒలింపియాకోస్‌కీ రెండూ తెచ్చాడు. ఏథెన్స్‌లో ఆ రెండు క్లబ్బుల అభిమానులూ ఒకే మనిషిని మెచ్చుకోవడమంటే మాటలు కాదు. 1991 నుంచి 1995 దాకా పోలండ్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు. 2006 మే 23న వార్సాలో పోయాడు. ఇప్పుడు వార్సా జాతీయ స్టేడియానికి ఆయన పేరుంది, బయట విగ్రహం కూడా ఉంది.

ఆయన మాటలు కొన్ని పోలండ్‌లో సామెతల్లా తిరుగుతాయి. “బంతి గుండ్రం, గోల్ పోస్టులు రెండు” అనేవాడు. “బంతి మన దగ్గర ఎంతసేపుంటే వాళ్ల దగ్గర అంత తక్కువసేపుంటుంది” అనేవాడు. “మ్యాచ్ గెలవచ్చు, ఓడొచ్చు, డ్రా చేసుకోవచ్చు” అనేవాడు. వినగానే ఇంతేనా అనిపిస్తుంది. కానీ వెంబ్లీలో దిగబోతున్న 25 ఏళ్ల కుర్రాడి చెవితో వినండి. చుట్టూ లక్షమంది, ఎదురుగా మూడు వారాల క్రితం ఏడు గోల్స్ కొట్టిన జట్టు, కడుపులో టెన్షన్. అప్పుడు కోచ్ వచ్చి ఇది కూడా ఒక మ్యాచేరా, మూడింటిలో ఏదో ఒకటవుతుంది అంటే ఆ కుర్రాడి భుజాలు కాస్త దిగుతాయి. ఎనిమిది గోల్స్‌తో ఓడి కూడా మర్నాడు నిద్రలేచిన మనిషి అంటున్నాడు కాబట్టి నమ్ముతాడు.

ఇంటికెళ్లాక ఒక పని చేయండి. ఆ వెంబ్లీ మ్యాచ్ వీడియో దొరుకుతుంది, మొత్తం చూసే ఓపిక లేకపోతే 57వ నిమిషం దగ్గర పెట్టి, బంతి మీద కాకుండా దొమార్‌స్కి మీద కన్నుంచండి. హంటర్ బంతి పోగొట్టుకునే సమయానికి అతను ఎక్కడున్నాడు, లాతో పాస్ ఇచ్చేసరికి ఎక్కడికొచ్చాడు, మధ్యలో ఒక్కసారైనా ఆగాడా చూడండి. వచ్చే వారం కలిసినప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం.